బోటుకు ఏ ప్రొపెల్లర్ కొనాలి?

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర పల్లె. వశిష్ఠ పాయలో వేటకు తిప్పే ఫైబర్ బోటుకు 9.9 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు ఇంజను బిగించాం. నలుగురం ఎక్కి, వలలూ ఐసు పెట్టెలూ పెట్టుకుంటే, థ్రాటిల్ పూర్తిగా తిప్పినా మీటరు నిమిషానికి 4,600 చుట్లు దాటడం లేదు, పొగ కూడా ఎక్కువగా వస్తోంది. ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో 5,000 నుంచి 6,000 ఉండాలని రాశారు. ప్రొపెల్లర్ మీద 9¼ × 11 అని ఉంది. ఇంకా పెద్దది వేస్తే వేగం పెరుగుతుందని తోటివారు అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: పెద్దది వేయకండి, ఇంజను దెబ్బతింటుంది. మీరు రాసిన అంకెల్లో మొదటిది రెక్కల చుట్టుకొలత కాదు, అడ్డంగా కొలిచిన వ్యాసం. రెండోది పిచ్, అంటే చెక్కలోకి మర దిగినట్టు ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ముందుకు సాగవలసిన దూరం, అంగుళాల్లో. నీరు చెక్కలా గట్టిగా నిలవదు కాబట్టి అంత దూరం ఎప్పుడూ సాగదు, బరువు పెరిగేకొద్దీ ఆ జారుడు ఇంకా పెరుగుతుంది. ఇంత బరువుకు 11 పిచ్ ఎక్కువ కావడం వల్లనే ఇంజను తన చుట్లను అందుకోలేక, వేసిన పెట్రోలు సరిగా మండక పొగ వదులుతోందని నా అభిప్రాయం.

కొత్తది కొనేముందు బోటును ఒడ్డుకు లాగి చూడండి. అడుగున పాచీ గుల్లలూ పట్టినా, షాఫ్టుకు తెగిన వల దారం చుట్టుకున్నా, రెక్కల అంచులు ఇసుకకు వంగినా చుట్లు పడిపోతాయి. అవన్నీ సరిగా ఉంటే, పిచ్ ఒక అంగుళం తగ్గించినప్పుడు సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయన్న లెక్కన 9¼ × 8 వేస్తే మీది 5,050 నుంచి 5,200 దాకా చేరాలి. పూర్తి బరువుతో ఒకసారి, ఖాళీ బోటుతో ఒకసారి నడిపి, ఖాళీగా ఉన్నప్పుడు కూడా 6,000 దాటడం లేదని నిర్ధారించుకోండి. ఫోనులో కనిపించే వేగాన్ని మాత్రం నమ్ముకోవద్దు. ఆటుతో కలిసి దిగువకు పోతున్నప్పుడు ఏ ప్రొపెల్లరైనా గొప్పగానే కనిపిస్తుంది, పోటుకు ఎదురెళ్ళినప్పుడు అదే చెడ్డదిగా తోస్తుంది. చూడవలసింది చుట్ల మీటరు.

స్టీలు కన్నా అల్యూమినియం ప్రొపెల్లరే మీకు మంచిది. మొగ దగ్గర మేటలు చోటు మారుతూ ఉంటాయి. అల్యూమినియం రెక్క తగిలితే వంగిపోయినా, గేర్లకు చేరే దెబ్బ తగ్గుతుంది. ప్రొపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే లోపలి రబ్బరు బుష్ కూడా ఆ దెబ్బను కాస్త తీసుకుంటుంది, కానీ అది అరిగితే ఇంజను మోగుతూనే ఉంటుంది, బోటు కదలదు. అందుకే కొత్తది బిగించగానే హబ్బు, అంటే రెక్కలు అతికి ఉన్న నడిమి భాగం, మీద నుంచి బుష్ దాకా పెన్నుతో ఒక గీత గీయండి. ఆ గీత విరిగి రెండు ముక్కలుగా పక్కకు జరిగిందంటే బుష్ జారుతున్నట్టే. ఒక పాత ప్రొపెల్లరూ దాని నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే కాటరు పిన్నులు రెండూ బోటులో ఉంచుకునే సముద్రం వైపు వెళ్ళండి.