పీకిన కొద్దీ పెరిగే తుంగ: ఎండాకాలమే అసలు అదును

ప్రశ్న: సార్, నమస్తే. మాకు బోరు కింద 30 గుంటల ఎర్ర చెలక ఉంది. టమాట, వంకాయ వేస్తాం. మూడేళ్ల కింద చెరువు మట్టి తోలించాం. అప్పటి నుంచి తుంగ పట్టుకుంది. గట్ల మీది గరిక కూడా లోపలికి పాకుతోంది. ఈ పంటకు నాలుగుసార్లు కలుపు తీయించాం, వచ్చిన పైసలు కైకిళ్లకే పోతున్నాయి. మల్చింగ్ షీటు వేస్తే తుంగ దాన్ని కూడా పొడుచుకొని పైకి వచ్చింది. రొటోవేటర్ రెండుసార్లు వేయిస్తే ఇంకా ఎక్కువైంది. షాపులో గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఇచ్చి, మొక్కలకు తగలకుండా సాళ్ల మధ్య కొట్టమంటున్నారు. పక్క పొలం వాళ్లు ఉప్పు చల్లమంటున్నారు. రెండేళ్లు పడావు (బీడు) పెడితే పోతుందా? (ఒక మహిళా రైతు, నకిరేకల్ మండలం, నల్లగొండ జిల్లా)

జవాబు: అమ్మా, రొటోవేటర్ వేయించాక తుంగ ఇంకా ఎక్కువైందని రాశారు కదా, మీ చెలకలో ఏం జరిగిందో ఆ ఒక్క మాటతోనే అర్థమైంది. రేపు పొద్దున ఒక పని చేయండి. బాగా పెరిగిన తుంగ మొక్క ఒకటి చూసుకొని, పీకకుండా, చుట్టూ జానెడు లోతు గడ్డపారతో తవ్వి మట్టితో సహా పైకి లేపండి. బకెట్ నీళ్లలో మెల్లగా కడగండి. సన్నటి దారాల్లాంటి కాడలకు నల్లపూసల దండలా వరుసగా గడ్డలు కనిపిస్తాయి. మీరు నాలుగుసార్లు తీయించింది వాటి మీది ఆకును మాత్రమే. పీకినప్పుడు టప్పుమని తెగే చప్పుడు కలుపు తీసే ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ చప్పుడు వినిపించిందంటే గడ్డ భూమిలోనే ఉండిపోయినట్టు.

ఒక్కో గడ్డకు కొన్ని కళ్లు ఉంటాయి. ఒక కన్ను మొలిచి దాన్ని మనం తెంపేస్తే ఇంకో కన్ను మేల్కొంటుంది. దండ తెగకుండా ఉన్నంతసేపు కొసన ఉన్న గడ్డ మొలుస్తూ, వెనక ఉన్న వాటిని నిద్రలో ఉంచుతుంది. రొటోవేటర్ ఆ దండను ముక్కలు చేస్తుంది. నిద్రపోతున్న ప్రతి గడ్డా లేస్తుంది. పైగా మీరు తడి పెట్టి, మెత్తగా ఉన్న దుక్కిలో వేయించి ఉంటారు. అంటే గడ్డలను విడదీసి, చెలకంతా పరిచి, నీళ్లు పోసి నాటినట్టయింది. మిమ్మల్ని తప్పు పట్టడం కాదమ్మా. తుంగ ఉన్న పొలాల్లో ఎక్కువ మంది ఇదే చేస్తున్నారు, అద్దెకు దొరికే యంత్రం కూడా అదే.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. మొలక పైకి వచ్చిన సుమారు మూడు వారాలకే కింద కొత్త గడ్డలు కట్టడం మొదలవుతుంది. తుంగలో విత్తనంతో వచ్చే మొక్కలు బహు తక్కువ, దాని బలమంతా గడ్డల్లోనే. అందుకే నెలకోసారి ఎంత శుభ్రంగా కలుపు తీసినా లాభం ఉండదు, ఆ లోపే అది కింద దాచుకోవలసింది దాచుకుంటుంది. పది పన్నెండు రోజులకోసారి పైపైన కోసేసినా సరే, గడ్డ తన దగ్గరున్నది ఖర్చు పెట్టుకుంటూ చిక్కిపోతుంది. మీరు కైకిళ్లకు పెట్టే ఖర్చును ఈ లెక్క ప్రకారం మార్చుకోవాలి. పంట కాలంలో నాలుగు పెద్ద కలుపుతీతల కంటే, నాటిన మొదటి 45 రోజుల్లో ఇంట్లోవాళ్లే కుర్పితోనో చేతి గుంటుకతోనో నాలుగుసార్లు పైపైన గీకేయడం ఎక్కువ పని చేస్తుంది. ఆ తర్వాత టమాట, వంగ కొమ్మలు కమ్ముకుంటాయి. తుంగకు నీడ అసలు పడదు.

ఇక దాన్ని చంపే విషయం. తుంగ గడ్డ కోతను తట్టుకుంటుంది, నీటిని తట్టుకుంటుంది, చాలా మందులనూ తట్టుకుంటుంది. ఎండిపోవడాన్ని మాత్రం తట్టుకోలేదు. నల్లగొండ ఎండల సంగతి నేను మీకు చెప్పనక్కర్లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె మనకు ఉంది, తడి త్వరగా ఆరిపోయే ఎర్ర చెలక ఉంది. కాలువ కింద నల్లరేగడిలో తుంగతో అవస్థ పడే రైతు కంటే ఈ విషయంలో మీరే మెరుగు.

ఇప్పుడు ఫిబ్రవరి చివర్లో ఉన్నాం. మార్చి నెల మధ్యలో టమాట అయిపోగానే మొక్కలు పీకేసి, డ్రిప్పు పైపులు చుట్టేసి, ఆ చెలకకు నీళ్లు పూర్తిగా ఆపండి. నేల మరీ రాయిలా గట్టిపడక ముందే, నాగలి దిగేంత పదును మిగిలి ఉన్నప్పుడు, మట్టిని తిరగేసే రెక్క నాగలితో లోతు దుక్కి చేయించండి. రొటోవేటర్ వద్దు. గడ్డల్లో ఎక్కువ భాగం పై జానెడు మట్టిలోనే ఉంటాయి, కొన్ని అడుగు లోతు దాకా పోతాయి. రెక్క నాగలి వాటిని పెద్ద పెడ్డలతో సహా పైకి తెస్తుంది. పెడ్డలు చితక్కొట్టించకండి. వాటి సందుల్లోంచి వేడిగాలి లోపలికి పోవాలి. పది పదిహేను రోజులు అలాగే వదిలేసి, కల్టివేటర్‌తో అడ్డంగా ఒక సాలు దున్నించండి. అడుగున మిగిలిన గడ్డలు అప్పుడు పైకి వస్తాయి. ఇలా మే నెలాఖరు లోపు మూడుసార్లు చేయగలిగితే మంచిది. దుక్కి వెనక దంతెతో లాగి, దొరికినన్ని గడ్డలు, గరిక కాడలు ఏరించి బండ మీద ఎండబోయండి. పెంటకుప్పలో మాత్రం వేయకండి, అవే మళ్లీ ఎరువుతో చెలకలోకి వస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చి ఒక తడి పడితే టెన్షన్ పడకండి. ఆ తడికి బతికున్న గడ్డలు మొలుస్తాయి. ఎనిమిది పది రోజులు ఆగి, మొలకలు వేలెడు ఎత్తు ఉండగా, నేల ఆరిన రోజు చూసి కల్టివేటర్ తోలించండి. మొలిచి, ఉన్న బలం ఖర్చు పెట్టుకున్న గడ్డ ఎండకు ఇంకా త్వరగా చస్తుంది.

ఒక్క ఎండాకాలంతో పూర్తిగా పోతుందని మీకు చెప్పను. మొదటి ఏడాది బాగా తగ్గుతుంది, రెండో ఏడాది కూడా వదలకుండా చేస్తే చేతి కలుపుతో సరిపోయే స్థితికి వస్తుంది. తేడా కంటికి తెలియాలంటే, తుంగ దట్టంగా ఉన్న మూడు చోట్ల మీటరు పొడవు, మీటరు వెడల్పున పుల్లలు పాతి, ఇప్పుడు ఎన్ని మొలకలు ఉన్నాయో లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసుకోండి. దుక్కులకు పుల్లలు నిలవవు కాబట్టి గట్టు నుంచి ఎన్ని అడుగులో కూడా రాయండి. వానాకాలంలో నాటే ముందు అవే చోట్ల మళ్లీ లెక్కపెట్టండి.

మల్చింగ్ షీటు గురించి. తుంగ మొలక కొస సూదిలా ఉంటుంది. కూరగాయలకు వాడే 25, 30 మైక్రాన్ల షీటు దాన్ని ఆపలేదు. విత్తనంతో మొలిచే కలుపును మాత్రం ఆ షీటు చక్కగా ఆపుతుంది. కాబట్టి ముందు తుంగను తగ్గించుకొని, ఆ తర్వాత షీటు వేసుకోండి. డ్రిప్పును మాత్రం వదలకండి. సాళ్ల మధ్య నేల పొడిగా ఉంటే అక్కడి గడ్డలు వానలు లేని రోజుల్లోనూ ఎండుతూనే ఉంటాయి. తడి ఉండే మొక్కల మొదళ్ల దగ్గరే తుంగ గుమిగూడుతుంది, మీ చేయి అక్కడ తిరిగితే చాలు.

నారుమడికి వేరే ఉపాయం ఉంది. మడిని సమంగా చేసి, బాగా తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి, ఏప్రిల్, మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. పైపైన ఉన్న గడ్డలు, కలుపు విత్తనాలు ఆ వేడికి ఉడికిపోతాయి. నల్ల షీటు ఈ పనికి రాదు. అయితే 30 గుంటలకూ ఇది చేయలేం, లోతున్న గడ్డలకు ఆ వేడి అందదు కూడా. తుంగ ఉన్న మడిలో పెంచిన నారును పీకితే వేర్ల మట్టితో గడ్డలు కూడా ప్రధాన పొలానికి వస్తాయి. వీలైతే ట్రేల నారు తెచ్చుకోండి.

మందుల దగ్గరికి వస్తాను, మీరు అడిగింది ముఖ్యంగా అదే. గ్లైఫోసేట్ ఆకు మీద పడితే కింది గడ్డ దాకా దిగుతుంది, నిజమే. కానీ మన దేశంలో దానికి అనుమతి ఉన్నది తేయాకు తోటల్లో, పంట లేని చోట్ల మాత్రమే. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (మందు కొట్టడానికి లైసెన్సు ఉన్నవాళ్లు) తప్ప వేరేవాళ్లు దాన్ని వాడకూడదు. టమాట సాళ్ల మధ్య కొట్టమనడం తప్పు సలహా. కాస్త గాలి మళ్లితే ఒక సాలు మొత్తం పోతుంది. కొట్టేవాళ్ల ఆరోగ్యం సంగతి, రేపు ఆ కాయ తినేవాళ్ల సంగతి కూడా చూడాలి కదా. 2,4-డి అనే కలుపు మందు అసలే వద్దు. అది తుంగ ఆకును మాడుస్తుంది కానీ టమాట, వంగ, పత్తి దాని వాసనకే ముడుచుకుపోతాయి. వరిలో ఆ మందు కొట్టిన స్ప్రేయర్‌ను సరిగా కడగకుండా టమాటకు వాడినా ఆకులు మెలితిరిగిపోతాయి.

నాటే ముందు కొట్టే పెండిమిథాలిన్ విత్తనాల నుంచి వచ్చే కలుపును ఆపుతుంది, తుంగ గడ్డను ఏమీ చేయదు. గరికకు క్విజలోఫాప్ ఇథైల్ అనే మందు ఉంది, ఉల్లి, వేరుశనగ, పత్తి, మినుము వంటి పంటల్లో వాడతారు. అది గడ్డి జాతి కలుపు మీదే పని చేస్తుంది. తుంగ చూడటానికి గడ్డిలా ఉన్నా గడ్డి జాతి కాదు. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు తగులుతాయి. తుంగకే పని చేసే మందు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళికలు, చెరకులోనూ మొక్కజొన్నలోనూ ఎకరాకు 36 గ్రాములు. మీరు ఒక పంట మొక్కజొన్న వేయదలిస్తే, తుంగ మూడు నాలుగు ఆకుల మీద, నేలలో పదును ఉన్నప్పుడు కొట్టుకోవచ్చు. టమాట, వంగ మధ్య మాత్రం కొట్టకూడదు. ఆ తర్వాత కూరగాయలు ఎన్నాళ్లకు వేయాలో డబ్బా మీది లేబుల్ చదివించుకోండి, లేదా కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి వేయండి.

ఉప్పు చల్లకండమ్మా. ఆ ఉప్పుకు తుంగ కంటే ముందు మీ టమాట చస్తుంది. ఒకసారి నేలలో చేరిన ఉప్పును కడిగి పంపడానికి మంచి నీళ్లు కావాలి, మన బోర్లలో చాలావాటి నీళ్లే చౌడుగా ఉంటాయి.

గరికకు గడ్డలు ఉండవు. పైన పాకే కాడలు, కింద పాకే కాడలు ఉంటాయి, ప్రతి కణుపూ ఒక మొక్కే. ఎండాకాలం దుక్కితో ఇది తుంగ కంటే సులువుగా పోతుంది. గట్టు మీది గరికను మాత్రం తీసేయకండి. గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచేది అదే, బర్రెలకు మేత కూడా. గట్టుకు ఆనుకొని లోపలి వైపు జానెడున్నర లోతు సాలు తీసి, రెండు నెలలకోసారి దాన్ని బాగు చేసుకుంటూ ఉంటే లోపలికి రాదు.

చెరువు మట్టి మంచిదే. చెరువు అంచున, తుంగ పెరిగే చోట తవ్విన మట్టిలో గడ్డలు వస్తాయి. ఇకముందు తోలించుకుంటే లోపలి, లోతు మట్టి తెప్పించి, ఒక మూలన కుప్ప పోసి, ఒక తడి ఇచ్చి, ఏం మొలుస్తుందో చూశాక చల్లుకోండి. అద్దె ట్రాక్టర్ మీ చెలకలోకి దిగే ముందు దాని నాగళ్లకు పట్టిన మట్టిని గట్టు బయటే దులిపించండి.

పడావు పెట్టడం గురించి అడిగారు. వద్దు. తుంగకు కావలసింది అదే: ఎండ పడాలి, ఎవరూ కదిలించకూడదు, వానలకు తడవాలి. రెండేళ్ల తర్వాత మీరు అడుగు పెట్టలేరు. 30 గుంటలూ ఒకేసారి పట్టుకోవడం కూడా మీ వల్ల కాకపోవచ్చు. తుంగ ఎక్కడ దట్టంగా ఉందో ఆ 8, 10 గుంటలను ఈ ఏడాదికి వేరు చేయండి. అక్కడ దుక్కులు అయ్యాక మృగశిర వానలకు మొదటి మొలకలు రానిచ్చి, వాన తెరిపి ఇచ్చిన రోజు గుంటుక తోలి, జనుము దట్టంగా చల్లండి. 10 గుంటలకు 5, 6 కిలోల విత్తనం పడుతుంది. నెల తిరిగేసరికి జనుము కింద తుంగ పాలిపోయి కనిపిస్తుంది. 45 రోజులకు పూత సమయంలో కలియదున్ని, మురిగాక సెప్టెంబరులో వంగ నాటుకోండి. మిగతా 20 గుంటల్లో దుక్కులు చేసి మీ టమాట మీరు వేసుకోండి, ఇల్లు గడవాలి కదా. రెండేళ్ల పాటు ఉల్లి, కొత్తిమీర, క్యారెట్ ఆ చెలకలో పెట్టకండి, వాటి ఆకు నేలను కప్పదు. చిలగడదుంప తీగ బాగానే కప్పుతుంది గానీ తుంగ మొలకలు దుంపలోంచి కూడా పొడుచుకుపోతాయి. సొర, గుమ్మడి, బొబ్బర వేసుకోవచ్చు. పుల్లలు పాతిన మూడు చోట్ల లెక్క జూన్‌లో నాకు రాసి పంపండి, ఆ అంకెలు చూసి రెండో ఏడాది ఎన్ని గుంటలు వేరు చేయాలో చెబుతాను.