సైకిల్‌కి మోటారు బిగిస్తే లైసెన్సు కావాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. నా వయసు 58. మోకాళ్ల నొప్పుల వల్ల పాత సైకిల్‌కి పెడళ్ల దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ మోటారు కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించి వేయించాను. 48 వోల్టులు, 750 వాట్లు. హ్యాండిల్ మీద బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ కూడా ఉంది. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అమ్మినవాళ్లు చెప్పారు. మొన్న చౌరస్తాలో పోలీసులు ఆపి, ఈసారికి వదిలేస్తున్నామన్నారు. పదో తరగతి చదివే మా మనవడు కూడా దీని మీదే ట్యూషన్‌కి వెళ్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్క పని చేయండి. ఇవాళ్టి నుంచి మనవడికి ఆ సైకిల్ ఇవ్వకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

పెడళ్లు ఉన్నాయి కాబట్టి సైకిలే అన్న వాదన చట్టం ముందు నిలబడదు. రోడ్డు మీద యంత్రశక్తితో నడిచే బండి, కొద్ది మినహాయింపులు పోను, మోటారు వాహనమే అంటుంది 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 2(28). బ్యాటరీ సైకిళ్లకు మినహాయింపు 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో, 2(యు)లో ఉంది. మోటారు ‘30 నిమిషాల పవర్’ 250 వాట్ల కంటే తక్కువ ఉండాలి. అంటే చడావులో ఒక్క క్షణం లాగే శక్తి కాదు, అరగంట పాటు ఆగకుండా ఇవ్వగలిగేది. వేగం పెరిగే కొద్దీ మోటారు సాయం తగ్గుతూ వచ్చి, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా ఆగిపోవాలి. తొక్కడం ఆపితే అంతకుముందే ఆగాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి.

ఇప్పుడు మీ సైకిల్ పక్కన కూర్చుని పెడళ్ల ఇరుసు (క్రాంక్) కింద ఉన్న మోటారు మీది ప్లేటు చదవండి. 750 అని ఉంటే అక్కడికే మినహాయింపు పోయింది, లైసెన్సూ రిజిస్ట్రేషనూ కావాల్సిందే. డిస్‌ప్లేలో స్పీడ్ 25కి లాక్ చేశానంటే చాలదు, మోటారు శక్తి మారలేదు కదా. ఇక ఆ బొటనవేలి మీట. పెడల్ తొక్కకుండానే బండి కదులుతోందంటే అది ‘తొక్కితే సాయపడే’ సైకిల్ కాదు.

చాలామంది పొరబడే సంగతి ఇంకొకటి ఉంది. ఈ షరతులన్నీ ఉన్నాయని పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి. కంపెనీలు తమ మోడల్‌కి ఆ పత్రం తెచ్చుకుంటాయి. షెడ్డులో బిగించిన కిట్‌కి ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే 200 వాట్ల కిట్‌కి మార్చుకున్నా మీరు పూర్తిగా నిశ్చింతగా ఉండొచ్చని నేను చెప్పలేను.

పోనీ రిజిస్టర్ చేయించుకుందామా అంటే, కొత్త బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. మీ దగ్గర అది ఉండదు, ఆర్టీఏ ఆఫీసులో పని జరగదు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఇన్సూరెన్సూ దొరకదు. చట్టంలో ఉన్న జరిమానాలు చూస్తే, రిజిస్ట్రేషన్ లేనందుకు మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయలు, లైసెన్సు లేకుండా నడిపితే 5,000, ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000 లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ.

కానీ నాకు నిజంగా టెన్షన్ పెట్టేది చలానా కాదు. సందు మలుపులో ఒక పెద్దావిడకి మీ బండి తగిలి తుంటి ఎముక విరిగిందనుకోండి. ఆమె కుటుంబం మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కి వెళ్తే, ఇన్సూరెన్సు లేదు కాబట్టి తీర్పులో ఎంత రాస్తే అంతా మీ జేబులోంచే. మీరు దాచుకున్న డబ్బంతా దానికే పోవచ్చు.

మనవడి సంగతి ఇంకా తీవ్రం. మైనర్ ఈ చట్టం కింద నేరం చేస్తే, సెక్షన్ 199ఏ ప్రకారం సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా పరిగణిస్తారు. 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మీకు తెలియకుండా తీసుకెళ్లాడని నిరూపిస్తే తప్పించుకోవచ్చు. కానీ రోజూ ట్యూషన్‌కి పంపుతూ ఆ మాట ఎలా చెప్తారు?

నా సలహా, కిట్ విప్పించేయండి. మోకాళ్ల కోసం మోటారు సాయం కావాల్సిందే కాబట్టి, కంపెనీ నుంచే తయారై వచ్చిన, తొక్కితేనే సాయపడే మోడల్ కొనుక్కోండి. కొనేముందు పరీక్షా సంస్థ పత్రం నకలు చేతిలో పెట్టమని డీలర్‌ని గట్టిగా అడగండి. లేదంటే వేరే షాపు చూసుకోండి.

కిట్ డబ్బు వదులుకోవద్దు. లైసెన్సు అక్కర్లేదని చెప్పి 750 వాట్ల కిట్ అంటగట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే అవుతుందని నా అభిప్రాయం. ముందు రాతపూర్వకంగా డబ్బు వాపసు అడగండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఫలితం లేకపోతే, అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా సరే, మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. గడువు 2 ఏళ్లు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. ‘లైసెన్సు అవసరం లేదు’ అని రాసి ఉన్న ఆ అమ్మకం పేజీని వాళ్లు తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. బిల్లు, డబ్బా, ప్లేటు కనిపించేలా తీసిన మోటారు ఫొటో జాగ్రత్త చేయండి. విప్పిన కిట్‌ని పాత సామాన్లకు అమ్మేయకండి, కేసులో మీ సాక్ష్యం అదే.