గిన్నె గుడ్డలు కుట్టబోయే పాపకు పెదనాన్న రాసేది

చిరంజీవి పాపకు కావలి నుంచి పెదనాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే ఉండాయి.

మీ నాన్న ఫోన్ చేసి చెప్పినాడు, నువ్వు ఉద్యోగం నుంచి వచ్చినాక సాయంత్రాలు మిషన్ ముందర కూర్చుంటుండావంట గదా. మైక్రోవేవ్‌లో గిన్నె కింద పెట్టుకునే గుడ్డ తొట్లు, బౌల్ కోజీలో ఏందో పేరు చెప్పినాడులే, అవి కుట్టి నెల్లూర్లో అమ్మాలనుకుంటుండావంట. మన ఇంట్లో కుట్టు నాతోనే ఆగిపోతాదనుకుంటిని. మీ అన్నలిద్దరూ సూదిలో దారం ఎక్కించే రకం కాదు. అందుకని వినంగానే గర్వంగా అనిపించింది, మీ పెద్దమ్మను పిలిచి మరీ చెప్పినాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలా. జాకెట్టు చంకలో బిగిస్తే విప్పి మళ్ళీ కుట్టిస్తాం. నువ్వు కుట్టే గుడ్డ పోయేది వేడి పెట్టెలోకి, అదీ ఊరూ పేరూ తెలియనోళ్ళ ఇంట్లో.

కోత గురించి నీకు పెద్దగా చెప్పేదేం లేదు. మామూలు గిన్నెకు పదంగుళాల చదరం పైకొకటి, లోపలికొకటి, మధ్యలో వేడి ఆపడానికి పెట్టే మెత్తకు అరంగుళం తగ్గించి రెండు. మెత్తను గుడ్డకు మూలనుంచి మూలకు కుట్టేసెయ్. నాలుగు పక్కలా డాట్లు, అంటే గిన్నెలాగా గుంట రావడానికి మడిచి వేసే కుట్లు, మడత నుంచి అరంగుళం పక్కకు, రెండున్నర కిందికి. జాకెట్లకు డాట్లు వేసిన చేతికి ఇదొక లెక్కా! సూది పదహారో నంబరుది పెట్టు, పొరలు ఎక్కువ గాబట్టి సన్నసూది విరుగుతాది.

అసలు సంగతి గుడ్డ కాడ ఉంది. నిఖార్సైన నూలు గుడ్డ తప్ప ఇంకేదీ వద్దు. ఇది నీకు తెలుసు, మీ నాన్న కూడా "కాటనే తెచ్చింది అన్నా" అన్నాడు. ఎవరు చెప్పినారు కాటన్ అని? చిన్నబజారులో అంగడాయన చెప్పినాడా? ఆయనకు వాళ్ళ ఏజెంటు చెప్పుంటాడు, ఆ ఏజెంటుకు ఇంకెవరో. అందరూ మంచోళ్ళే, ఒక్కడూ కాల్చి చూసుండడు. నేను కొట్టు పెట్టిన కొత్తల్లో రూబియా అంటే నూలే. ఇప్పుడు అదే పేరుతో, అదే మెత్తదనంతో పాలిస్టర్ కలిపిన ముక్కలు వస్తుండాయి. చేత్తో పట్టుకుని తేడా చెప్పడం అనుభవం ఉన్నోళ్ళకు కూడా కష్టమే. నాకూ కష్టమే.

కాబట్టి కాల్చు. స్టీలు పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి పెట్టుకో. గుడ్డ అంచున వేలెడు ముక్క కత్తిరించి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించు. నూలైతే కాగితం కాలిన వాసనొస్తాది, మంట ఆరినాక కూడా అంచున నిప్పు కాసేపు ఎర్రగా పాకుతుంటాది, వేళ్ళతో నలిపితే బూడిద మెత్తగా పొడైపోతాది. పాలిస్టర్ మంటను చూడంగానే ముడుచుకుంటాది, కరిగి బొట్టవుతాది, ఆరినాక నల్లటి గట్టి పూసలాగా మిగులుతాది. రెండూ కలిసినదైతే నూలులాగే మండతాది గానీ బూడిదలో గరుకు గరుకుగా పలుకులు తగులుతాయి. ఇంకో మాట, ముక్కను మొత్తంగా కాల్చి ఊరుకోవాకు. నిలువుగా పోయే పడుగు పోగు ఒకటి, అడ్డంగా పోయే పేక పోగు ఒకటి విడిగా లాగి రెండూ కాల్చు. పడుగు నూలు, పేక పాలిస్టర్ ఉన్న గుడ్డలు నా చేతుల మీదుగా పోయినాయి. థాను, అంటే గుడ్డ చుట్ట, మారినప్పుడల్లా కాల్చాల్సిందే, రంగు అదే, అంగడి అదే అయినా సరే.

ఇంత పట్టు ఎందుకంటే నేను పని నేర్చుకున్న కొట్టు సంగతి నీకు చెప్పాలి. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

1970ల మాట. అప్పుడే టెర్లిన్లు, టెర్రీకాట్లు ఊళ్ళలోకి దిగినాయి, పాలిస్టర్ గుడ్డ, పాలిస్టర్ నూలు కలిపిన గుడ్డ అన్నమాట. ఇస్త్రీ అక్కర్లేదు, ఉతికితే గంటలో ఆరతాది, జనం ఎగబడినారు. మా మేస్త్రి కొట్లో రోజూ బల్ల కింద పీలికలు పోగు పడేవి. ఆయన పొదుపరి, ఏదీ పారేయడు. ఒక సంక్రాంతికి ఆయనకో ఆలోచన వచ్చింది, ఎప్పుడూ వచ్చే ఇళ్ళకు తలా రెండు మసిగుడ్డలు కుట్టి ఇద్దామని. పైకి లుంగీ గుడ్డ, ముదురు గళ్ళది, మంచి నూలు. లోపల మందం రావాల గదా, ఆ పీలికలన్నీ పొరలు పొరలుగా పేర్చి కుట్టినాడు. చూట్టానికి భలే ఉండేవి. చేతిలో పట్టుకుంటే బరువుగా, గట్టిగా, వేడి తగిలేది కాదు. ఇంటింటికీ ఇచ్చొచ్చింది నేనే.

ఆయన ఇంట్లో కూడా అవే వాడేవాళ్ళు. మేస్త్రి భార్యను మేం అమ్మా అనేవాళ్ళం. కొట్టుకు కాజాలు తీసేది, చేతిమడతలు కుట్టేది ఆమే. ఆమె కాజా చూసి మిషన్ కాజా అనుకునేవాళ్ళు. ఒకరోజు పొద్దున కిరసనాయిలు స్టవ్వు మీద నుంచి గంజి వార్చడానికి అన్నం గిన్నె దించబోతే మసిగుడ్డ కొస జారి మంటలో పడింది. పైనున్న లుంగీ గుడ్డ అంటుకుంది. అంతవరకైతే విదిలించి పారేసేది, మన ఆడవాళ్ళకు అది అలవాటే. లోపలిది కరిగింది. కరిగి ఆమె వేళ్ళకు పట్టుకుంది. విదిలించినా ఊడలా. నీళ్ళల్లో చెయ్యి ముంచితే అట్టే గట్టిపడింది. ఆసుపత్రిలో దాన్ని తీసేటప్పుడు చర్మంతో సహా వచ్చింది. మాననైతే మానింది గానీ, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మళ్ళీ సరిగ్గా వంగలా. సూది పట్టుకోలేకపోయింది.

మేస్త్రి ఆమె ముందర కూర్చుని ఏడవడం నేను చూళ్ళా. ఆయన చేసిన పనేందంటే, ఆసుపత్రి నుంచి రాంగానే కొలతల పుస్తకం తెరిచి, ఎవరెవరికి ఇచ్చినామో పేర్లన్నీ రాయించినాడు. నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగినాడు. "అమ్మా, ఆ మసిగుడ్డ ఇటియ్యండి, బదులు ఇది తీసుకోండి" అని కొత్తగా కుట్టిన నూలువి ఇచ్చి పాతవి తీసుకునేవాడు. కొందరు నవ్వినారు. కొందరు "ఇచ్చింది మళ్ళీ తీసుకుంటారా" అని ఎగతాళి చేసినారు. ఒకరింట్లో ఒకటే దొరికింది, రెండోది కూతురు అత్తగారింటికి ఒంగోలు తీసకపోయిందన్నారు. మరుసటి రోజు ఆయన ఒంగోలు బస్సెక్కినాడు.

ఆ మసిగుడ్డను పైనుంచి చూసి ఎవరైనా నూలే అంటారు. నువ్వు కుట్టేదీ అట్టాంటిదే, పైకి ఒకటి కనపడతాది, లోపల ఏముందో కొన్నోళ్ళకు తెలియదు. తెలిసేది నీకొక్కదానికే.

ఇక దారం. అంగళ్ళలో ఇప్పుడు దొరికే రీళ్ళు చాలావరకు పాలిస్టరే. తెగదు, మిషన్ మీద సాఫీగా పోతాది, అందుకని అందరం అదే వాడతాం, నా కొట్లో కూడా అదే. నీ పనికి వద్దు. పైదారం, బాబిన్ దారం రెండూ నూలువే ఉండాలి. గట్టిగా లాగితే పుటుక్కున తెగతాది గాబట్టి బిగువు తగ్గించుకో, నిదానంగా తొక్కు. దారం కూడా కాల్చి చూడు, రీలు మీద ఏం అచ్చేసి ఉన్నా సరే.

నీ స్నేహితురాలెవరో పాలిస్టర్ దారంతోనే కుడతాదంట, ఏం కాలేదంటాదంట. ఏం కాకపోవచ్చు, నేను కాదనను. మీ అన్న హైదరాబాదులో ఆ పెట్టె చూపించి చెప్పినాడు, దాంట్లో తరంగాలు కూరలో నీళ్ళను కదిలించి వేడి చేస్తాయంట, గిన్నె వేడెక్కేది కూర వల్లేనంట. నీళ్ళు మరిగేది వంద డిగ్రీల కాడ, పాలిస్టర్ కరిగేది రెండొందల యాభై దాటినాక. సాంబారు వేడిచేస్తే భయం లేదనే లెక్క వస్తాది. మరి చేపల పులుసు? నెల్లూరోళ్ళం, రేపటికి ఉంచుకుని తినకపోతే మనకు తోచదు. దాని మీద నూనె వేలెడు తేలుతుంటాది. నూనె నీళ్ళకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతాది. అది పొంగి గుడ్డలోకి ఇంకి, రెండు నిమిషాలు నొక్కబోయి ఇరవై నొక్కితే? అట్టాంటప్పుడు నూలు కూడా మాడతాది, పాపా. అంటుకుంటాది కూడా. నూలైతే ఏమీ కాదని ఎవరికీ చెప్పవాకు. కరిగి చేతికి అతుక్కోదు, నేను చెప్పగలిగింది అంతవరకే.

మధ్యలో పెట్టే మెత్త సంగతి. స్పాంజి వద్దే వద్దు, అది మండితే వచ్చే పొగ పీల్చకూడదు. పాలీఫిల్ వద్దు, అది పాలిస్టర్ దూదే. కాలర్లలో పెట్టే బక్రం వద్దు, దానికి జిగురుంటాది. వేడి ఆపడానికని వెండిరంగు రేకులాగా మెరిసే పొర ఒకటి అమ్ముతారు, పొయ్యి మీది గిన్నెలు దించడానికి బాగుంటాది గానీ మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, ఆ మెరుపు లోహానిది. దిండ్ల దూది ఉంది గదా అనుకుంటావేమో, మన పాతకాలం దిండ్లలో చాలావాటిలో ఉండేది బూరుగు దూది, నిప్పు తగిలితే భగ్గుమంటాది. పరుపులు కుట్టేవాళ్ళ కాడ ఏకిన పత్తి దొరుకుతాది గానీ రెండు ఉతుకులకు ఉండలు కట్టి ఒకపక్కకు చేరతాది. కొని తెచ్చే కాటన్ మెత్త బాగుంటాది, అయితే కొన్నింటి లోపల పత్తి చెదరకుండా సన్నటి ప్లాస్టిక్ వల కలిపి ఉంటాది. చించి చూడు, కాల్చి చూడు.

నన్నడిగితే బొంత పద్ధతి మేలు. పాత నూలు పంచెలు, మెత్తబడిన నేత దుప్పట్లు నాలుగైదు పొరలు. ఎన్నో ఉతుకులు తిన్న గుడ్డ ఇంక కుంచించుకోదు, గంజి ఉండదు. కొత్త గుడ్డనైతే కోసే ముందు నానేసి, ఉతికి, ఆరేసి ఇస్త్రీ చెయ్యి, లేకపోతే మొదటి ఉతుకుకే పైది ఒకవైపు, లోపలిది ఒకవైపు గుంజతాయి. ఉతికేటప్పుడు గుడ్డ మెత్తబడి వాసన రావడానికి పోసే ద్రావకాలు మాత్రం వేయవాకు.

నీ మీద కోపం వచ్చిన సంగతి ఇప్పుడు. మీ నానమ్మ వెంకటగిరి చీర కోసి మొదటి జత కుడతానన్నావంట. జరీ అంచు చీర తీసకపోయి మైక్రోవేవ్‌లోనా! జరీ అంటే రాగో వెండో తీగె, సన్నటి తీగె. ఆ పెట్టెలో లోహపు తీగె మీద నిప్పురవ్వలు లేస్తాయి, అవి పడేది గుడ్డ మీదే. ఇప్పటి ప్లాస్టిక్ జరీకి కూడా లోహం పూత ఉంటాది. అంచు కత్తిరిస్తే చాలనుకుంటావేమో, ఆ చీర ఒంట్లో బుటాలున్నాయి, వాటిలోనూ జరీనే. మంగళగిరి అంచైనా అంతే, బంగారు రంగు అద్దకం మెరిసేదైనా అంతే. చీర అట్టే మడతపెట్టి దాచు. మా అమ్మ దాన్ని మీ నాన్న పెళ్ళిలో కట్టుకుంది, నీకిమ్మని నా చేతికిచ్చింది కట్టుకోవడానికి, కోయడానికి కాదు. నానమ్మ గుడ్డే కావాలంటే ఆమె రోజూ కట్టిన చీరాల నేతచీరలు రెండు మా పెట్టెలో ఉండాయి, జరీ లేదు, నీలం రంగు వెలిసి మెత్తగా ఉండాయి. అవి తీసకపో. మెత్తకు అంతకంటే మంచిది దొరకదు.

గుండుసూదులు. మొదలుపెట్టే ముందు లెక్కపెట్టు, ముగించినాక లెక్కపెట్టు. మెత్తలో దిగబడిన సూది చేతికి తగలదు. కుట్టిన ప్రతిదాని మీదా అయస్కాంతం ఒకసారి తిప్పు, అప్పుడు గానీ మడతపెట్టవాకు. పేరు రాసిన పట్టీ కుట్టాలనుకుంటే అదీ నూలుదే, మెరిసే అక్షరాలు లేకుండా.

ప్రతి జతతో తెలుగులో ఒక కాగితం పెట్టు. ఒకసారికి రెండు మూడు నిమిషాలకు మించొద్దని, గిన్నె లేకుండా ఒట్టి గుడ్డతో పెట్టె తిప్పొద్దని, నూనె ఒలికితే ఉతికి పూర్తిగా ఆరినాకే వాడాలని, పొయ్యి మీదా ఓవెన్లో ఎయిర్‌ఫ్రయ్యర్లో పనికిరాదని, స్టీలు గిన్నె, మెలమైన్ గిన్నె, బంగారు అంచు పింగాణీ గిన్నె పెట్టొద్దని. లోపల మంట కనపడితే తలుపు తీయకుండా స్విచ్చి ఆపమని, తలుపు తీస్తే గాలి తగిలి మంట పెద్దదవుతాదని పెద్ద అక్షరాల్లో రాయి. గుడ్డను లోపల పెట్టకుండా, వేడైన గిన్నెను బయటికి తీయడానికి మాత్రమే వాడితే ఇంకా మంచిదని కూడా రాయి. అట్టా రాస్తే ఎవరు కొంటారు పెదనాన్నా అంటావు. కొనేవాళ్ళు కొంటారు.

ధర దగ్గర తగ్గవాకు. పాలిస్టర్ మెత్తతో సగం ధరకు అమ్మేవాళ్ళు ఉంటారు, వాళ్ళతో పోటీకి పోతే నీ దారం కూడా మారిపోతాది.

వచ్చే వారం గుడ్డ కోసం చీరాల పోతావంట గదా. రైలు కావలి మీదుగానే పోయేది. తిరుగు రైలుకు ఇక్కడ దిగు. కొన్న ప్రతి థానులో నుంచి జానెడు ముక్క, రీళ్ళు అన్నీ తెచ్చుకో, మన పెరట్లో కూర్చుని కాల్చి చూద్దాం. ఆదివారమైతే కొట్టు మూసే ఉంటాది, నేరుగా ఇంటికే రా. పెద్దమ్మ పులుసు పెడతాది, ఏం చేప కావాలో ముందురోజే ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న