అమ్మమ్మ వీడియోకి ఫొటోలు ఎక్కించే ముందు

పర్లాకిమిడి

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ సహస్రచంద్ర దర్శనానికి వీడియో నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వీడియోలు కూర్చే సాఫ్ట్‌వేర్ డావించి రిజాల్వ్ వేసుకున్నావట, ఫొటోలు లోపలికి లాగితే సగం రావట్లేదట. కంగారు పడకు అమ్మడూ, పెళ్లి వీడియోల పనిలో ఇది రోజూ ఉండే గొడవే. సరుకు సర్దుకోకుండా పని మొదలెడితే ఏ సాఫ్ట్‌వేరైనా ఇలాగే ఏడిపిస్తుంది.

ముందు ఒకటి బుర్రకెక్కించుకో. ఇంపోర్ట్ చేశావంటే, అంటే లోపలికి తెచ్చుకున్నావంటే, ఫొటో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోయిందని కాదు. ఫైలు ఎక్కడుందో ఆ అడ్రసు మాత్రమే అది రాసుకుంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా లాగేసి తర్వాత దాన్ని పీకేస్తే, ఫొటో ఉండాల్సిన చోట ఎర్రగా ‘మీడియా ఆఫ్‌లైన్’ అని వస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నీ నమ్మకు, జాగా లేదని మీ తమ్ముడు ఏదో రోజు ఊడ్చేస్తాడు. అందుకని డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, అందులో ఫొటోలు, వీడియోలు, పాటలు విడివిడిగా సర్దు. పని అయ్యేదాకా దాని పేరు మార్చకు, చోటు మార్చకు.

గూగుల్ ఫొటోస్ నుంచి ఒకేసారి బోలెడు దింపితే జిప్ ఫైలు వస్తుంది కదా. దాన్ని తెరిచి అందులోంచే లాగావనుకో, విండోస్ వాటిని టెంపరరీ ఫోల్డర్‌లో పెట్టి చూపిస్తుంది. ఇవాళ కనిపించినవి రేపు ఉండవు. ముందు ఎక్‌స్ట్రాక్ట్ చెయ్యి, అంటే ఫొటోలన్నీ జిప్‌లోంచి బయటికి తీసి నీ ఫోల్డర్‌లో పెట్టు.

ఇక మన చుట్టాల సంగతి. బరంపురం పిన్నికీ, రాయగడ తాతయ్యకీ, టెక్కలి వాళ్లకీ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు: వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపమని. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది. నాలుగైదు ఎంబీల బొమ్మ కొన్ని వందల కేబీలకి దిగిపోతుంది, హాల్లో తెర మీద మొహం అలుక్కుపోయినట్టు ఉంటుంది. అన్నట్టు, వాట్సాప్ ఫైలు పేరులో ఉండే తేదీ ఆ ఫొటో తీసిన రోజుది కాదు. ఆ వరస నమ్ముకుంటే అమ్మమ్మ పెళ్లి కంటే ముందే మీ అమ్మ పుట్టేస్తుంది. వరస నువ్వే పెట్టుకోవాలి. మన పిల్లలంతా ఒడియా బడుల్లో చదివినవాళ్లు, సగం ఫైళ్లకి పేర్లు ఒడియాలో పెట్టి పంపుతారు. కొన్ని సాఫ్ట్‌వేర్లకి అవి మింగుడుపడవు. ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేర్లు పెట్టేయ్.

అలాగని ఒకే పేరుకి వరసగా నంబర్లు వేసుకుంటూ పోతే ఇంకో తిరకాసు ఉంది. రిజాల్వ్ అవన్నీ ఒకే వీడియోకి ఫ్రేములు, అంటే వరసగా తిరిగే బొమ్మలు, అనుకుని అతికించేస్తుంది. సెకనుకి 30 ఫ్రేముల ప్రాజెక్టులో అరవై ఫొటోలు రెండంటే రెండు సెకన్లలో గిర్రున తిరిగిపోతాయి. నీకు ‘సగం రావట్లేదు’ అనిపించింది బహుశా ఇదే. మీడియా పేజీలో మూడు చుక్కల మెనూ తెరిచి, ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్ ‘ఇండివిడ్యువల్’ అని పెట్టి, మళ్లీ తెచ్చుకో. అప్పుడు ఏ ఫొటోకా ఫొటో విడిగా వస్తుంది.

అప్పటికీ రానివుంటే వాటి తోక, అంటే ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలు, చూడు. వెబ్‌పీ, ఐఫోన్ వాళ్లు పంపే హెచ్‌ఈఐసీ లాంటివైతే జేపీజీకి మార్చు. పేరు చివర అక్షరాలు దిద్దేస్తే మారిపోదు తల్లీ, పెయింట్‌లో తెరిచి ‘సేవ్ యాజ్’ కొట్టాలి.

వీడియోలని ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్ అని ఉచితంగా దొరుకుతుంది, అది దింపుకో. ఫోన్ వీడియోల్లో సెకనుకి ఇన్ని ఫ్రేములని నిలకడ ఉండదు. చిన్న ముక్కలైతే పట్టించుకోనక్కర్లేదు. పావుగంట పూజ వీడియో అయితే పోనుపోను పంతులుగారి పెదాలు ఒకచోట, మంత్రం ఇంకోచోట ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి, 30 ఎంచుకుని, ఎంపీ4గా మార్చాకే ఇంపోర్ట్ చెయ్యి. ప్రాజెక్టు సెట్టింగ్స్‌లోనూ మొదటే 30 పెట్టుకో. టైమ్‌లైన్ మీద, అంటే ముక్కలు వరసగా పేర్చే పట్టీ మీద, ముక్కలు పడ్డాక రిజాల్వ్ దాన్ని మార్చనివ్వదు.

అమ్మమ్మ కాపురానికొచ్చిన చిన్న రైలు ఫొటో నెట్‌లో వెతుకుతున్నావట. మంచి ఆలోచన. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన రెండున్నర అడుగుల పట్టాల బండి అది. దాన్ని చూపించకుండా ఆవిడ కథ చెప్పలేం. కానీ గూగుల్‌లో కనిపించిన చిన్న బొమ్మ మీదే నొక్కి సేవ్ చెయ్యకు, అది నమూనాకి చూపించే బొమ్మే. అసలు పేజీకి వెళ్లి పెద్దది దింపు. అందరూ వాడుకునేలా ఫొటోలు పెట్టే సైటు వికీమీడియా కామన్స్‌లో దొరికితే కింద లైసెన్సు చదివి, తీసినవాళ్ల పేరు వీడియో చివర వెయ్యి. ఇంటి వీడియోకి ఎందుకులే అనకు, రేపు మీ తమ్ముడే యూట్యూబ్‌లో పెడతాడు.

అన్నీ వచ్చాక ప్రతి వీడియోనీ చివరిదాకా ఒకసారి తిప్పి చూడు. సగం దిగిన ఫైలు కూడా మొదట బాగానే ఆడి మధ్యలో ఆగిపోవచ్చు. అలాంటిది కనిపిస్తే పంపినవాళ్లనే మళ్లీ అడుగు, మొహమాటపడకు. ఆ ఫోల్డర్ మొత్తం ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, గుణుపురం బండిలో వచ్చేటప్పుడు వెంట తెచ్చుకో. మిగతాది ఇక్కడ కూర్చుని చూద్దాం.

మావయ్య