ముందు పాదం, తర్వాతే గోరు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నెయిల్ కట్టర్ కనబడితే చాలు, మీ కుక్క మంచం కిందికి దూరిపోతోందని రాశావు. అయితే కొన్నాళ్లు ఆ కట్టర్ ఊసే ఎత్తకు. అది మత్తుగా పడుకున్నప్పుడు పక్కన కూర్చుని, భుజం దగ్గర్నుంచి నిమురుతూ పాదం దాకా రా. లాక్కుంటే వదిలెయ్. లాక్కోకపోతే ఒక్కో వేలూ మెల్లగా నొక్కి, వెంటనే దానికి ఇష్టమైనదేదో ఓ ముక్క పెట్టు. ఆ తర్వాత కట్టర్ పక్కన పెట్టి వాసన చూడనివ్వు. మొదటిరోజు ఒక్క గోరు తీసినా చాలు. ఇద్దరు ముగ్గురు అదిమిపట్టి అన్నీ ఒకేసారి కత్తిరించడం నాకు అస్సలు నచ్చదు. ఆ భయం ఓ పట్టాన వదలదమ్మా.

కుక్కల కోసం చేసిన కట్టరే వాడు. మనం వాడేదానితో గోరు నలిగి చీలిపోతుంది.

గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. తెల్ల గోళ్లలో ఆ భాగం గులాబీ రంగులో కనబడుతుంది కాబట్టి కాస్త ఇవతలే ఆగొచ్చు. నల్ల గోళ్లతోనే తంటా. కొసను కొద్దికొద్దిగా, పలచగా తీస్తూ ప్రతిసారీ తెగినచోటు చూడు. మొదట పొడిగా, సుద్దలా ఉంటుంది. నడిమధ్యన చిన్న ముదురు చుక్క కనబడిందా, ఇక ముట్టుకోకు. ఒకవేళ రక్తం వస్తే కంగారుపడకుండా కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు మూడు నిమిషాలు నొక్కిపట్టు. అప్పటికీ కారుతూనే ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

గోళ్లు బాగా పెరిగిపోయాయి అన్నావుగా, వాటితోపాటు లోపలి నరమూ ముందుకొచ్చి ఉంటుంది. ఒకేసారి పొట్టిగా చేద్దామనుకోకు. వారం పది రోజులకోసారి కొసలు తీస్తుంటే అదే వెనక్కి తగ్గుతుంది. ముందుకాళ్లకి లోపలివైపు, కాస్త పైన ఉండే గోరు మాత్రం మర్చిపోకు. నేలకి తగలదు కాబట్టి అరగదు, వంపు తిరిగి చర్మంలోకే దిగుతుంది.

బొచ్చుకుక్క కాబట్టి అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలు కూడా చూసుకోవాలి. అవి పెరిగితే నున్నటి నేలమీద కాళ్లు జారతాయి. మొన మొండిగా ఉన్న కత్తెరతో మెత్తల మట్టానికి కత్తిరించు, సందుల్లోకి దూర్చొద్దు. పనిలో పనిగా వేళ్ల మధ్య పిడుదులు, ముళ్లు ఉన్నాయేమో వెతుకు. పాదాలు కడిగితే తడి లేకుండా తుడువు.

ఒకే పాదాన్ని అదేపనిగా నాకుతూ కూర్చుంటే మాత్రం అలవాటే కదా అని వదిలెయ్యకు, డాక్టర్‌కి చూపించు.

మీ మామయ్య