ఐసీయూ డాక్టర్ అవుతానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ పూర్తి చేసింది. ఇంటర్న్‌షిప్‌లో రెండు వారాలు ఐసీయూలో డ్యూటీ పడింది. అప్పట్నుంచి క్రిటికల్ కేర్ తప్ప ఇంకేదీ వద్దంటోంది. చిన్నప్పట్నుంచీ మెతక మనిషి. ఎదుటివాళ్లు ఏడిస్తే తనూ ఏడుస్తుంది. రోజూ చావులు చూసే చోట ఈ పిల్ల నిలబడగలదా? మీరైనా కాస్త నచ్చజెప్పండి. - ఒక తల్లి

జవాబు: అమ్మా, నచ్చజెప్పమని రాశారు. ఉత్తరం రెండోసారి చదివాక, నచ్చజెప్పాల్సింది అమ్మాయికా మీకా అన్న అనుమానం వచ్చింది. కోపగించుకోకండి.

మీ భయమంతా చావుల గురించి. అవి ఉంటాయి, లేవని నేననను. కానీ ఆ విభాగంలో చేరి, ఇక మావల్ల కాదంటూ నా దగ్గరికొచ్చిన కుర్ర డాక్టర్లు ముగ్గురున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా చావు చూడలేక వచ్చినవాళ్లు కారు. పొద్దున తీసుకున్న నిర్ణయం సరైనదో కాదో రాత్రికి కూడా తేలకపోతే నిద్రపట్టని తత్వం వాళ్లది. ఎముక విరిగితే అతికిందో లేదో ఎక్స్‌రే చెప్పేస్తుంది. ఐసీయూలో జవాబు చాలాసార్లు వారానికి గానీ రాదు, ఒక్కోసారి అసలు రాదు. మీ అమ్మాయి విషయంలో చూసుకోవాల్సింది ఇది.

ఈ కోర్సు గురించి అడిగే పిల్లలు ఎక్కువయ్యాక, చూడని పని మీద సలహాలివ్వడం నాకే నామోషీ అనిపించింది. తెలిసిన డాక్టరుగారిని బతిమాలి ఒక రాత్రంతా ఐసీయూలో గోడవారన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా ఎదుటి మంచం మీద న్యుమోనియా ముదిరి సెప్సిస్‌లోకి, అంటే ఇన్ఫెక్షన్ దెబ్బకు అవయవాలే చెడిపోయే స్థితిలోకి దిగిన మనిషి. గొంతులో ట్యూబు, పక్కన వెంటిలేటర్, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసిన సన్నని గొట్టం (సెంట్రల్ లైన్), తలవైపు స్టాండుకు నాలుగు సిరంజి పంపులు. వాటిలో ఒకటి నార్‌ఎడ్రినలిన్, బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు. ఆ సిరంజి ఖాళీ కావడానికి ఇంకా పావుగంట ఉండగానే నర్సు ఇంకో పంపులో కొత్తది ఎక్కించి సిద్ధం చేసుకుంది. ఎందుకంత తొందరని అడిగాను. మార్చేటప్పుడు కొన్ని సెకన్లు మందు ఆగినా బీపీ అమాంతం జారిపోతుందంది. మార్చినంతసేపూ ఆమె చేతులు పంపుల మీద, కళ్లు మానిటర్ మీద.

తెల్లవారుజామున 3 గంటలకు అసలు చిక్కు వచ్చింది. గంటగంటకూ కొలిచే మూత్రం 40 మిల్లీలీటర్ల నుంచి 10కి పడిపోయింది. బీపీ కూడా దిగుతోంది. జూనియర్ డాక్టర్ సెలైన్ ఎక్కిద్దామన్నాడు. అతను చదివిన దాని ప్రకారం అది తప్పేం కాదు. సెప్సిస్‌తో బీపీ పడిపోయినవాళ్లకు మొదటి మూడు గంటల్లో కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల లెక్కన ద్రవాలివ్వాలని మార్గదర్శకాల్లో ఉంది. కానీ ఈ మనిషి ఆ లెక్క ఎప్పుడో దాటిపోయాడు. సీనియర్ డాక్టరమ్మ అల్ట్రాసౌండ్ ప్రోబు ఛాతీ మీద పెట్టి చూపించింది. ఊపిరితిత్తుల్లో అప్పటికే నీరు చేరి ఉంది. కిడ్నీలు నీళ్లడుగుతున్నట్టున్నాయి, ఊపిరితిత్తులు చుక్క కూడా వద్దంటున్నాయి. ఎవరి మాట వినాలి?

ఆమె 250 మిల్లీలీటర్లు మాత్రం ఎక్కించి, గుండె ముందుకన్నా ఎక్కువ రక్తం తోస్తోందేమో చూసింది. తేడా ఏమీ కనపడలేదు. సెలైన్ ఆపేసి నార్‌ఎడ్రినలిన్ కొంచెం పెంచింది. తెల్లారేసరికి మూత్రం గంటకు 25. గట్టెక్కాడని ఎవరూ అనుకోలేదు, చేయి దాటిపోయాడనీ అనుకోలేదు. ఆ అంకెను పొద్దుటి షిఫ్టువాళ్లకు అప్పజెప్పి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ పేషెంట్ తర్వాత ఏమయ్యాడో నేను అడగలేదు. ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది. ఒక్క రాత్రికే నా పరిస్థితి ఇది, మీ అమ్మాయికి ఇలాంటి మంచాలు పది ఉంటాయి.

ఈ వైద్యం ఎలా మొదలైందో కూడా మీకు తెలియాలి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. శ్వాస తీసుకోలేనివాళ్లను అప్పటి యంత్రాల్లో పెడితే మొదటి మూడు వారాల్లో 31 మందిలో 27 మంది పోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ గొంతుకు రంధ్రం చేసి, ట్యూబు పెట్టి, దానికి తగిలించిన గాలి సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించవచ్చని 12 ఏళ్ల అమ్మాయికి చేసి చూపించాడు. ఆ తర్వాత దాదాపు 1,500 మంది మెడికల్ విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. చావులు బాగా తగ్గిపోయాయి. మీ అమ్మాయి వయసు పిల్లలే వాళ్లంతా.

ఆ తర్వాత యంత్రాలు బోలెడొచ్చాయి. విచిత్రం ఏమిటంటే, వచ్చాక ఈ శాస్త్రం నేర్చుకున్న పాఠాల్లో చాలావరకు చెయ్యి వెనక్కి తీసుకోవడం గురించే. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లకు వెంటిలేటర్‌తో పెద్ద పెద్ద ఊపిర్లు ఇచ్చేవాళ్లు, రక్తపరీక్షల్లో అంకెలు బాగుండాలని. 2000లో అమెరికాలో 861 మంది మీద జరిగిన అధ్యయనంలో ఊపిరి సైజును సగానికి, అంటే కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కి తగ్గిస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31కి దిగాయి. షుగర్ కథ ఇంకోరకం. దాన్ని గట్టిగా అదుపులో పెడితే మనుషులు బతుకుతున్నారని 2001లో బెల్జియం నుంచి ఒక అధ్యయనం వచ్చింది, చాలా ఐసీయూలు ఆ దారి పట్టాయి. 2009లో 6 వేల మందికి పైగా రోగులతో చేసి చూస్తే, గట్టిగా పట్టినవాళ్లలోనే చావులు ఎక్కువని తేలింది. నిన్నటిదాకా నమ్మి చేసిన పని రోగికి చెరుపు చేసిందని తెలిశాక, మర్నాడు మామూలుగా రౌండ్స్‌కు రాగలగాలి. దీనికి ఎంత గట్టితనం కావాలో అంత వినయమూ కావాలి. మార్కుల్లో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లలకు ఇది మరీ కష్టం, వాళ్లకు తప్పు అలవాటుండదు కదా.

ఇక మీరు రాసిన మెతకతనం. నేను దాన్ని లోపం కింద లెక్కెయ్యను. ఐసీయూలో సగం పని తలుపు బయట ఉంటుంది. మా అన్నయ్య పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఆసుపత్రి పేరు వద్దులెండి. రోజూ సాయంత్రం ఒక డాక్టర్ తలుపు సందులోంచి “ఈ రోజు స్టేబుల్” అని చెప్పి వెళ్లిపోయేవాడు. స్టేబుల్ అంటే గండం గడిచిందనుకుని మేం చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పేశాం. వాళ్ల భాషలో ఆ మాటకు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదని మాత్రమే అర్థం. నిన్న చావుబతుకుల్లో ఉంటే, ఇవాళా అంతే. ఇంకో రెండు నిమిషాలు నిలబడి ఆ ముక్క చెప్పే మనిషి లేక, ఆఖరి రోజు మేం సిద్ధంగా లేకుండా దొరికిపోయాం. ఎదుటివాళ్లు ఏడిస్తే కళ్లు చెమర్చే డాక్టర్ ఆ తలుపు దగ్గర ఉండుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అందులోకి వెళితే మెప్పు మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు. ట్యూబు ఉన్న మనిషి మాట్లాడలేడు. మత్తుమందుల్లో ఉన్నవాళ్లకు ఆ రోజులు గుర్తుండవు, గుర్తున్నా నర్సులు తమను చంపబోయారన్నంత తలకిందులుగా గుర్తుండవచ్చు. ఆ అయోమయ స్థితిని డెలీరియం అంటారు. బయటపడినవాళ్లలో చాలామందిని కండరాల నీరసం, మతిమరుపు, దిగులు నెలల తరబడి వెంటాడతాయని గుర్తించి 2012లో దానికో పేరు కూడా పెట్టారు. అంటే డిశ్చార్జితో కథ అయిపోదు. రాత్రి డ్యూటీలు, పండగపూట పిలుపులు, అలసట అన్నీ ఉంటాయి, ఆ సంగతి మీకూ తెలిసిందే.

సరే, ఏం చెయ్యాలి? నిర్ణయం ఇవాళే తీసుకోనక్కర్లేదు. చాలా దేశాల్లో క్రిటికల్ కేర్‌కు ముందు అనస్థీషియా, జనరల్ మెడిసిన్, ఛాతీ వైద్యం లాంటి ఒక మూల విభాగం చదవాలి. ఆ చదువు ఎటు తిరిగినా పనికొస్తుంది, మనసు మారితే నష్టం లేదు. అనస్థీషియా తీసుకుంటే ట్యూబులూ లైన్లూ వెయ్యడంలో చేతికి పని వస్తుంది, మెడిసిన్ తీసుకుంటే రోగం కూపీ లాగడం వస్తుంది. నన్నడిగితే, చేతులతో చేసే పని ఇష్టమైతే మొదటిది.

దానికన్నా ముందు ఒక నెల, రెండు వారాలు కాదు, పూర్తి నెల, రాత్రులతో సహా ఐసీయూలో డ్యూటీ డాక్టరుగా పనిచెయ్యమనండి. జేబులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, ప్రతి రాత్రి ఒక్క పేషెంట్ గురించి, పేరు లేకుండా, తెల్లారేసరికి ఏమవుతుందని తను అనుకుంటోందో, ఎందుకనుకుంటోందో రాసుకోవాలి. పొద్దున ఏమైందో ఆ పక్కనే రాయాలి. తప్పులు చాలా ఉంటాయి, ఉండాలి కూడా. ఆ తప్పుల పేజీ తిరగేసినప్పుడు ఆమెకు ‘ఎందుకలా జరిగింది?’ అని చదవబుద్ధవుతోందా, పుస్తకం మూసెయ్యబుద్ధవుతోందా? నాకు కావలసిన ఆనవాలు అదే. ఇంకొకటి, ఇంటివాళ్లతో మాట్లాడే సీనియర్ల పక్కన కనీసం నాలుగైదు సార్లు కూర్చోమనండి, నోరు మెదపకుండా.

ఆ నెలలో ఇంటికి రాగానే ఎవరైనా పోయారా అని మాత్రం అడక్కండి. నోట్‌బుక్ నిండాక దాన్ని పట్టుకుని అమ్మాయినే నా దగ్గరికి పంపించండి. మీరూ రండి, కానీ ఈసారి బయటి గదిలో కూర్చుందురుగాని.