మీ ప్రశ్న, డాక్టరు జవాబు: ఊపిరితిత్తుల్లో బీపీకి మందు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా అమ్మ వయసు 46. ఏడాదిన్నర నుంచి ఆయాసం ఉంటే నెల్లూరులో ఎకో (గుండె స్కానింగ్) తీయించాం. కుడివైపు గుండెలోకి సన్నని గొట్టం పంపే క్యాథెటర్ పరీక్ష కూడా చేసి, ఇది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో వచ్చే బీపీ అని, వేరే కారణమేదీ లేదని చెప్పారు. ఎనిమిది నెలలుగా సిల్డెనాఫిల్, బోసెంటాన్ మాత్రలు వాడుతోంది. ఇంతకుముందు మేడ మీదికి వెళ్లాలంటే మూడు చోట్ల ఆగేది, ఇప్పుడు ఒక్కసారే ఆగుతున్నానంటోంది. కానీ మొన్నటి ఎకోలో ప్రెషర్ 72 నుంచి 68కి మాత్రమే వచ్చింది. ఇంత ఖర్చుపెట్టినా తగ్గలేదని అందరం దిగులుపడుతున్నాం. పైగా ఒక మాత్ర మగవాళ్లు వాడేదని ఎవరో అన్నారట, అప్పటి నుంచి అమ్మ దాన్ని రెండు రోజులకొకటి వేసుకుంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందుగా మాత్ర సంగతి చెబుతాను, ఎందుకంటే అదే తొందరగా సరిచేయవలసింది. మగవాళ్లు వాడే వయాగ్రాలో ఉన్న మందు సిల్డెనాఫిలే, కానీ దాన్ని శాస్త్రవేత్తలు మొదట పరీక్షించింది గుండెనొప్పి కోసం. ఊపిరితిత్తుల బీపీకి అమెరికాలో దానికి 2005లోనే అనుమతి వచ్చింది. బిగుసుకుపోయిన రక్తనాళాలను వదులు చేయడమే దాని పని, ఆ పని ఆడవారిలోనూ మగవారిలోనూ ఒకే తీరుగా జరుగుతుంది. దాని ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది కాబట్టి ఈ జబ్బుకు సాధారణంగా రోజుకు మూడుసార్లు ఇస్తారు. రెండు రోజులకొకటి వేసుకుంటే వేసుకోనట్టే. ఎవరో అన్న మాటకు సిగ్గుపడి మీ అమ్మగారు మందు తగ్గించుకున్నారని చదివి చాలా బాధ కలిగింది. ఈ వారమే ఆమెను వైద్యుని దగ్గరకు తీసుకెళ్లి, జరిగింది దాచకుండా చెప్పండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలను మాత్రం దీనితో కలిపి ఎప్పుడూ వాడకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇక అంకె సంగతి. ఎకోలో కనిపించేది ఒక అంచనా మాత్రమే, 72కూ 68కీ మధ్య తేడా కొలతలో వచ్చే హెచ్చుతగ్గుల్లోనే ఉంటుంది. బోరు మోటారును ఊహించుకోండి. పైపు లోపల పాచి పట్టి సన్నబడితే మోటారు ఎక్కువ ఒత్తిడితో తోయాలి. మందు వల్ల పైపు కాస్త వదులైతే, మీటరు ముల్లు దాదాపు అక్కడే ఉన్నా చేలోకి పారే నీళ్లు పెరుగుతాయి. అదే మోటారు అలసిపోతే ముల్లు కిందికి దిగుతుంది, కానీ నీళ్లూ తగ్గిపోతాయి. ఊపిరితిత్తులకు రక్తాన్ని తోసే గుండె కుడివైపు గదికీ ఇదే వర్తిస్తుంది, అందుకే ప్రెషర్ తగ్గడం ప్రతిసారీ శుభవార్త కాదు. మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన మేడమెట్ల సంగతే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితం.

దీన్ని కొలవడానికి వైద్యుల దగ్గరున్న పద్ధతి ఆరు నిమిషాల నడక పరీక్ష. చదునైన వరండాలో, సాధారణంగా 30 మీటర్ల దూరాన్ని అటూ ఇటూ నడిపించి, ఆరు నిమిషాల్లో ఎంత నడిచారో చూస్తారు. 440 మీటర్లు దాటితే ప్రమాదం తక్కువగా ఉన్నట్టూ, 165 కన్నా తక్కువైతే ఎక్కువగా ఉన్నట్టూ లెక్కవేస్తారు. దానికి తోడు గుండె మీద పడే భారాన్ని తెలిపే బీఎన్‌పీ రక్తపరీక్ష, కళ్లు తిరిగి పడిపోవడం ఏమైనా జరిగిందా అన్న వివరం కలిపి చూసి మందులు పెంచాలో, అలాగే కొనసాగించాలో నిర్ణయిస్తారు. వచ్చేసారి ఈ నడక పరీక్ష చేయమని మీరే అడగండి. బోసెంటాన్ వాడుతున్నారు కనుక నెలనెలా లివర్ పరీక్ష తప్పనిసరి, ఆ మందు వాడేటప్పుడు గర్భం రాకుండా జాగ్రత్తపడటమూ అంతే తప్పనిసరి.

ఈ జబ్బు పూర్తిగా నయమవుతుందని చెప్పలేను. 1980లలో, మందులేవీ లేని రోజుల్లో, అమెరికాలో నమోదైన రోగుల్లో సగం మంది రోగనిర్ధారణ తర్వాత 2.8 ఏళ్లలోపే మరణించారు. 1995లో మొదటి మందు వచ్చింది, ఇప్పుడు రెండు మూడు మందులు కలిపి వాడుతున్నారు, 2024లో సొటాటర్‌సెప్ట్ అనే కొత్త ఇంజెక్షన్‌కు అమెరికాలో అనుమతి లభించింది. ఆ పాత లెక్కను చూసి నేటి రోగి భవిష్యత్తును ఊహించకూడదు.

ఈ రోగుల జీవనం ఎలా ఉందో తెలుసుకోవడానికి వాడే ఎంఫసిస్-10 అనే పది ప్రశ్నల పత్రంలో ఆయాసం, అలసటతోపాటు ‘నేను భారమైపోయానని అనిపిస్తోందా’ అన్న ప్రశ్న కూడా ఉంటుంది. ఖర్చు గురించి, తగ్గని అంకె గురించి ఆమె వినేటట్టు మాట్లాడుకోవడం ఆ భావాన్ని పెంచుతుంది. మన ఇళ్లలో ఆడవారు ఆయాసమని నోరు తెరిచి చెప్పరు, ఒక్కొక్క పనీ మెల్లగా మానుకుంటారు. అందుకని ‘ఎలా ఉందమ్మా’ అని అడగకుండా, పోయిన సంక్రాంతికి చేసిన ఏ పని ఇప్పుడు చేయలేకపోతున్నారో, ఏది మళ్లీ మొదలుపెట్టారో గమనించి ఒక నోటుబుక్కులో రాయండి. రోజూ పొద్దున్నే బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో కిలో, రెండు కిలోలు పెరిగినా, పాదాలు ఉబ్బినా వెంటనే చూపించండి. ఉప్పుచేపలు, ఆవకాయ, అప్పడాలు బాగా తగ్గించాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అడగండి.

ప్రశ్న: మా ఆయన చీమకుర్తి క్వారీల్లో ఇరవై ఏళ్లు పనిచేశారు. ఊపిరితిత్తులు దెబ్బతిని, బీపీ కూడా అక్కడికే వచ్చిందన్నారు. తెలిసినవాళ్లు వాడే సిల్డెనాఫిల్ మాత్రలు ఈయనకూ వాడవచ్చా?
– ఒక గృహిణి, ప్రకాశం జిల్లా

జవాబు: సొంతంగా వద్దమ్మా. ఈ జబ్బులో ఐదు రకాలున్నాయి. రాతిదుమ్ము వల్ల ఊపిరితిత్తులు గట్టిపడి వచ్చినది వేరే రకం, అందులో ఈ మాత్రలు ఒక్కోసారి రక్తంలో ఆక్సిజన్‌ను ఇంకా తగ్గిస్తాయి. దుమ్ములోకి మళ్లీ వెళ్లకుండా చూడటం, వేలికి పెట్టే మిషన్‌తో ఆక్సిజన్ శాతం చూపించుకోవడం, బాగా తగ్గి ఉంటే వైద్యుడు చెప్పినన్ని గంటలు ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవడం ఆయనకు అవసరమైన చికిత్స. రాతిదుమ్ము పీల్చినవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ కనుక కఫం పరీక్ష కూడా చేయించండి.